కంపెనీ బస్సు ఎక్కనివాళ్ల కోసం ఇల్లు: అపోహలు – వాస్తవాలు

పరిశ్రమల నగరం శ్రీ సిటీలో ఉద్యోగం ఖాయమైందంటే ఇంట్లో తర్వాతి మాట ఒక్కటే: "ఇల్లు యాడ తీసుకుందాం?" తడ, సూళ్లూరుపేట, సత్యవేడు, వరదయ్యపాళెం, శ్రీకాళహస్తి, తిరుపతి... రాష్ట్ర సరిహద్దు దాటితే ఆరంబాకం, గుమ్మిడిపూండి. ఒంటరిగా ఉండే కుర్రాళ్లకు వీటిలో ఏదైనా సరిపోతుంది. చంకలో బిడ్డ ఉన్న దంపతులకు మాత్రం వచ్చే పదేళ్ల బతుకంతా ఈ ఒక్క నిర్ణయం చుట్టూ తిరుగుతుంది. అంత పెద్ద నిర్ణయాన్ని చాలామంది ఒక ఆదివారం మధ్యాహ్నం, ఏజెంటు కారులో కూర్చుని తీసేసుకుంటున్నారు. ఆ కారులో వినిపించే మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: ఇల్లు కంపెనీకి ఎంత దగ్గరైతే అంత మంచిది.

వాస్తవం: డ్యూటీకి వెళ్లే మనిషి ఒక్కరినే లెక్కలోకి తీసుకుంటే ఈ మాట నిజమే. కానీ ఇక్కడి కంపెనీల్లో చాలావాటికి సొంత బస్సులున్నాయి. షిఫ్టు మారే వేళ చుట్టుపక్కల ఊళ్ల రోడ్ల మీద నిలబడితే అవి వరసగా కనిపిస్తాయి. ఉద్యోగి ప్రయాణ బాధ్యతను కంపెనీ తన మీద వేసుకుంది. ఆ బస్సు ఎక్కనివాళ్ల సంగతే ఎవరికీ పట్టలేదు.

వాళ్ల ప్రయాణాలు ఎన్నో లెక్క వేయండి. పొద్దున పాల ప్యాకెట్టు. మధ్యాహ్నం అంగన్‌వాడీ నుంచి బిడ్డను తీసుకురావడం. సాయంత్రం కూరగాయలు. రాత్రి ఎనిమిదింటికి ఒళ్లు కాలిపోతుంటే జ్వరం మందు. టీకాలే తీసుకోండి: పుట్టినప్పుడు వేసేవి పోను ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో, మళ్లీ పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య. మొదటి రెండేళ్లలో తక్కువలో తక్కువ ఐదుసార్లు బిడ్డను ఎత్తుకుని ఆరోగ్య కేంద్రానికి పోవాలి. నాయన షిఫ్టులో ఉన్నప్పుడు ఆ తల్లి ఎట్లా వెళ్తుంది? తల్లి కూడా ఉద్యోగస్తురాలైతే బిడ్డను చూసుకోవడానికి ఊరి నుంచి అవ్వ వస్తుంది. అవ్వకు బండి రాదు, ఫోనులో ఆటో పిలవడం తెలియదు. నడవడం మాత్రం బాగా వచ్చు. ఆమె కాళ్లకు అందేంత దూరంలో అంగడి, డాక్టరు, గుడి ఉంటే ఆ ఇంట్లో ఆమె నెలలకు నెలలు ఉంటుంది. లేదంటే పది రోజులకే ఊరి బస్సెక్కుతుంది.

అందుకే "కంపెనీ ఎంత దూరం?" అనేదానికి బదులు "కంపెనీ బస్సు ఎక్కే చోటు ఎంత దూరం?" అని అడగండి. అక్కడికి నడిచి పోగలిగితే ఆ లెక్క తేలినట్టే. మిగతా వెతుకులాటంతా ఇంట్లో ఉండేవాళ్ల కోసమే సాగాలి.

అపోహ: రోడ్డు ఎంత వెడల్పుంటే ఏరియా అంత బాగున్నట్టు.

వాస్తవం: అరవై అడుగుల రోడ్డు స్థలం అమ్ముకునేవాడికి మంచిది. మూడేళ్ల పిల్లకు అది ఏరుతో సమానం.

దీన్ని అంకెల్లో చూడొచ్చు. అరవై అడుగులంటే 18 మీటర్లు. పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని నడిచే చిన్నబిడ్డ సెకనుకు మీటరు కూడా కదలదు. దాటడానికి ఇరవై సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆ ఇరవై సెకన్లలో 330 మీటర్లు దూసుకొస్తుంది. అంటే రెండు వైపులా మూడు వందల మీటర్ల మేర రోడ్డు ఖాళీగా కనిపిస్తేనే మీరు అడుగు వేయాలి. అదే ఇరవై అడుగుల వీధిలో దాటడానికి ఏడు సెకన్లు చాలు. అక్కడ బండ్లు కూడా ఇరవై కిలోమీటర్ల వేగానికి మించి పోలేవు. నలభై మీటర్ల ఖాళీ దొరికితే బిడ్డ అవతల గట్టున ఉంటుంది. పైగా ముప్పై కిలోమీటర్ల వేగంతో బండి తగిలితే చాలామంది బతికి బయటపడతారు. యాభై దాటితే ఆ ఆశ వేగంగా కరిగిపోతుంది.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి పోతున్నవాళ్లే. ఇల్లు చూడబోయే ముందు ఈ అంకె గుర్తుంటే మంచిది.

పాత వీధి ఎందుకు నడకకు అనువుగా ఉంటుందో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. తిరుపతిలో రైలు దిగి గోవిందరాజస్వామి గుడి వైపు నాలుగడుగులు వేయండి. మాడ వీధులు, సన్నిధి వీధి, కర్నాల వీధి, బేరి వీధి. దేవుడి రథం, దాంతోపాటు నడిచే జనం పట్టేలా ఏర్పడ్డ వీధులవి. పూల అంగడి పక్కన ఇత్తడి సామాన్ల అంగడి, దాని పక్కన టిఫిన్ సెంటరు, పైన ఎవరిదో కాపురం. సాయంత్రం పూట ఒక ముసలామె అరుగు మీద కూర్చుని వీధిని చూస్తూ ఉంటుంది. ఆ చూపే పిల్లలకు సగం కాపలా. ఈ వీధుల్లో ఇరుకుంది, హారన్ల గోల ఉంది, మురుగు ఉంది, పండగ రోజుల్లో ఇంటికి చేరడమే కష్టం. అవన్నీ ఒప్పుకుంటాను. అయినా ఏడేళ్ల పిల్లవాడికి డబ్బులిచ్చి "పో నాయినా, పెరుగు తీసుకురా" అని పంపగలిగిన వీధి అంటే నా లెక్కలో అదే మంచి ఏరియా.

ఫుట్‌పాత్ సంగతి కూడా చెప్పుకోవాలి. నడిచేవాళ్ల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అడ్డంకులేమీ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ఎదురెదురుగా వచ్చే ఇద్దరు తగలకుండా తప్పుకోవడానికి అంత వెడల్పు కావాలి. మీరు చూసిన వీధిలో ట్రాన్స్‌ఫార్మరు, ఆపి ఉంచిన బండ్లు, పగిలిన కాలువ బండలు పోను ఎంత మిగిలిందో అడుగులతో కొలవండి.

అపోహ: ప్లాను వేసి కట్టిన నగరమైతే అన్నీ నడిచేంత దూరంలోనే ఉంటాయి.

వాస్తవం: ప్లాను ఎవరి కోసం వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. శ్రీ సిటీ 2008 ఆగస్టులో మొదలైంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో, చెన్నైకి ఉత్తరాన 55 కిలోమీటర్ల దూరంలో పరిశ్రమల కోసం కట్టిన నగరం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక చిత్తూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇసుజు, కోబెల్కో, డైకిన్, మాండెలెజ్ లాంటి కంపెనీలతో పాటు ట్రిపుల్ ఐటీ, క్రియా విశ్వవిద్యాలయం అక్కడే ఉన్నాయి. కంటైనర్ లారీ తిరగడానికి కావలసిన మలుపు వేరు, తల్లి పిల్లలతో దాటడానికి కావలసిన మలుపు వేరు. ఆ నగరం మొదటిదాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టింది, అందులో తప్పు లేదు. చుట్టూ వెలుస్తున్న లేఅవుట్లు కూడా ఆ పేరే చెప్పుకుని "ప్లాన్డ్" అనిపించుకోవడమే చిక్కు. ప్లాట్లకు నంబర్లు వేసి, రాళ్లు పాతి, గేటు కట్టినంత మాత్రాన అది కాపురాలకు పనికొచ్చే ప్లాను అయిపోదు.

కాపురాల కోసం వేసే ప్లాను ఎట్లా ఉంటుందో 1929లోనే అమెరికాలో క్లారెన్స్ పెర్రీ రాసిపెట్టాడు. నడిమధ్య బడి, పెద్ద రోడ్లు అంచుల్లో, లోపల చిన్న వీధులు, మూలల్లో అంగళ్లు. ఏ పిల్లా పెద్ద రోడ్డు దాటకుండా బడికి పోగలగాలన్నదే ఆయన పట్టుదల. నెదర్లాండ్స్‌లో హౌటన్ అనే ఊరు ఇంకో అడుగు ముందుకేసింది. కార్లు ఒక పేట నుంచి ఇంకో పేటకు పోవాలంటే ఊరి చుట్టూ ఉన్న రింగు రోడ్డు మీదుగా తిరిగి రావాల్సిందే. సైకిలు, నడక మాత్రం ఊరి మధ్యలోంచి తిన్నగా బడికీ రైల్వే స్టేషనుకూ పోతాయి. మనవాళ్లకూ ఈ పద్ధతి కొత్తేమీ కాదు. విశాఖ ఉక్కునగరం సెక్టార్లలో పెరిగినవాళ్లెవరినైనా అడగండి, బడికి ఎట్లా పోయేవాళ్లో చెబుతారు.

మన చట్టం కూడా ఇదే కోరుకుంది. 2009 విద్యాహక్కు చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనలు ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు ఉండాలన్నాయి. లేఅవుట్ చూపించే ఏజెంటును "కిలోమీటరు లోపు బడి ఏది?" అని అడగండి. "ఇంటర్నేషనల్ స్కూలు వస్తోంది సార్" అంటే, లేదనే అర్థం.

అపోహ: బ్రోచరులో "రైల్వే స్టేషన్ ఐదు నిమిషాలు" అని ఉంది కదా.

వాస్తవం: ఏ వాహనంలో ఐదు నిమిషాలు? కారులో ఐదు నిమిషాలంటే మూడు నాలుగు కిలోమీటర్లు. నడకలో ఐదు నిమిషాలంటే 400 మీటర్లు. బిడ్డతో అయితే ఆ 400 మీటర్లకు పది నిమిషాలు వేసుకోండి. మ్యాపులో గీత గీసి చూపించే దూరాన్ని కూడా నమ్మొద్దు. మధ్యలో కాంపౌండ్ గోడ, చెరువుకట్ట, రైలు పట్టాలు, డివైడరు అడ్డం పడితే అర కిలోమీటరు కాస్తా రెండు కిలోమీటర్లవుతుంది.

స్టేషను ఉంటే సరిపోదు, రైలు ఆగాలి. చెన్నై–గూడూరు లైనులో ఆరంబాకం, తడ, అక్కంపేట, సూళ్లూరుపేట వరస స్టేషన్లు. చెన్నై వైపు నుంచి లోకల్ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి. మీకు కావలసింది పొద్దున పోయే రైలు ఎన్నింటికి, అది తప్పితే తర్వాతిది ఎన్నింటికి, రాత్రి చివరిది ఎప్పుడు, ఆదివారం ఎన్ని ఉంటాయి అన్న నాలుగు జవాబులు. అవి స్టేషను బోర్డు మీదే ఉంటాయి. ఒక్కసారి పోయి చూసుకుంటే బ్రోచరు అవసరం ఉండదు.

నన్ను పదేపదే బాధపెట్టే విషయం ఒకటుంది. శ్రీ సిటీలోని ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీలో తయారైన మెట్రో రైళ్లు చెన్నైలో, కొచ్చిలో, లక్నోలో తిరుగుతున్నాయి. సముద్రం దాటి సిడ్నీ దాకా వెళ్లాయి. అక్కడి తల్లులు పిల్లల బండి తోసుకుంటూ ఆ రైలు ఎక్కుతున్నారు. ఆ రైలుకు బోల్టు బిగించిన మన పిల్లవాడి భార్య మాత్రం బిడ్డను ఎత్తుకుని హైవే పక్కన షేర్ ఆటో కోసం నిలబడుతోంది. మెట్రో కావాలని నేను అడగడం లేదు. నీడ ఉన్న బస్టాపు, వేళకు వచ్చే బస్సు, రోడ్డు దాటడానికి ఒక చోటు అడుగుతున్నాను.

అపోహ: మన ఎండలకు నడక కుదరని పని.

వాస్తవం: ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఎవరూ నడవలేరు. ఏడాదంతా మధ్యాహ్నమే ఉండదు. చంటిబిడ్డలున్న ఇంట్లో బయటి పనులు చాలావరకు పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తర్వాతే. ఆ వేళల్లో వీధిలో నీడ ఎటు పడుతుందో చూడండి. కానుగ, వేప చెట్లున్న వీధికీ, చెట్లు కొట్టేసి సిమెంటు పోసిన వీధికీ తేడా చెప్పుల్లోంచే తెలుస్తుంది.

ఈ ప్రాంతంలో ఎండకన్నా ఎక్కువ పరీక్ష పెట్టేది వాన. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు ఏమయ్యాయో చూసినవాళ్లు మరిచిపోరు. వేసవిలో చూసి నచ్చిన ఇంటికి నవంబరులో మోకాలి లోతు నీళ్లలో నడవాల్సి రావచ్చు. వీధి చివరి అంగడాయన్ను అడగండి: "అన్నా, వానకు ఈడ నీళ్లు యాడిదాకా వస్తాయి?" గోడ మీద మరక చూపించి మరీ చెబుతాడు. ఆయనకు ఇల్లు అమ్ముకునే పని లేదు కదా.

అపోహ: బైకు ఉంది, బిడ్డ పెద్దదయ్యాక కారు కొందాం.

వాస్తవం: బైకు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు బిడ్డ ఉంటే బిడ్డకు హెల్మెట్, బిడ్డను నడిపేవాళ్లకు కలిపి కట్టే సేఫ్టీ బెల్టు తప్పనిసరి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. లారీలు దూసుకుపోయే జాతీయ రహదారి మీద 40లో పోవడం ఎంత ప్రమాదమో అందరికీ తెలుసు. కాబట్టి రోజూ బిడ్డతో హైవే ఎక్కక తప్పని ఇల్లు, అద్దె ఎంత తక్కువైనా, వద్దనే చెబుతాను. కారు కొన్నా అది డ్యూటీకి పోయిన వేళ ఇల్లు మళ్లీ ఒంటరిదే. ఆ నెలవారీ కంతులో సగం అద్దెలో కలిపితే బస్టాండుకు దగ్గర్లో ఇల్లు దొరకొచ్చు. ఒకసారి లెక్క వేసి చూడండి.

అపోహ: ఆడవాళ్లకు బస్సు ఉచితం, ఇక ఎక్కడున్నా ఒకటే.

వాస్తవం: 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి సర్వీసుల్లో చెల్లుతుంది, రాష్ట్రం దాటే బస్సుల్లో చెల్లదు. గుమ్మిడిపూండిలో ఇల్లు తీసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. టికెట్టు ఉచితమైనా రాని బస్సు ఎవరినీ ఎక్కించుకోదు. సత్యవేడు, సూళ్లూరుపేటల్లో డిపోలున్నాయి. డిపో ఉన్న ఊళ్లో, బస్టాండుకు నడిచేంత దూరంలో ఉండడానికీ, రోజుకు మూడు ట్రిప్పులు తిరిగే పల్లె దారిలో ఉండడానికీ చాలా తేడా ఉంది.

నా వరకు నేను చెప్పేది ఇది. బిడ్డ చిన్నగా ఉన్నన్నాళ్లు కొత్త లేఅవుట్‌లో పెద్ద ఇల్లు కన్నా సూళ్లూరుపేట లాంటి పాత ఊళ్లో, అంగళ్ల మధ్య రెండు గదుల మిద్దె మేలు. తిరుపతి బడులు, ఆసుపత్రులు కావాలనుకుంటే రాకపోకల దూరం భరించాల్సి వస్తుంది. అది ఆ ఇంటివాళ్లు కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క.

ఈ ఆదివారం ఇల్లు చూడ్డానికి వెళ్తుంటే సాయంత్రం ఆరున్నరకు వెళ్లండి. ఏజెంటు కారును మెయిన్ రోడ్డు మీదే ఆపించండి. బిడ్డను దింపి, చెయ్యి పట్టుకుని, పాల అంగడి దాకా, అక్కడి నుంచి బస్టాపు దాకా నడిచి రండి. వీధిలైట్లు వెలిగాయో లేదో చూడండి. ఎన్నిసార్లు బిడ్డను భయంతో దగ్గరికి లాక్కున్నారో లెక్కపెట్టుకోండి. ఆ తర్వాతే అడ్వాన్సు మాట ఎత్తండి.