ఛాతీ మంట – కేన్సర్ భయం: దాతలు తెలుసుకోవలసిన నిజాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఎవరి ఎండోస్కోపీ రిపోర్టులోనైనా ‘బ్యారెట్ ఈసోఫేగస్’ అని కనిపిస్తే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. దాన్ని కేన్సర్‌కు ముందు దశ అంటారు మరి. సాయం చేసే దాతలకూ అదే సందేహం: ఇది ప్రాణాంతకమా? మన డబ్బు దేనికి పనికొస్తుంది?

కడుపులోని ఆమ్లం ఏళ్ల తరబడి అన్నవాహికలోకి ఎగదన్నుతుంటే అక్కడి లోపలి పొర మారిపోయి పేగు పొరలా తయారవుతుంది. 1950లో దీని గురించి రాసిన బ్రిటిష్ సర్జన్ నార్మన్ బ్యారెట్ పేరే దీనికి స్థిరపడింది. యాభై దాటిన మగవారిలో, పొగతాగేవారిలో, పొట్ట పెరిగినవారిలో ఇది ఎక్కువ.

డెన్మార్క్‌లో 11,028 మంది బ్యారెట్ రోగులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మొదటి ఏడాది దాటాక కేన్సర్ వచ్చింది ఏటా వెయ్యిమందిలో ఒకరికి, కాస్త అటూ ఇటూగా. మొత్తం 197 కేన్సర్లలో 131 మాత్రం మొదటి పరీక్ష జరిగిన ఏడాదిలోపే బయటపడ్డాయి. అంటే వాటిలో చాలావరకు అప్పటికే లోపల ఉన్నవే. అసలు ప్రమాదం ఆలస్యంగా పరీక్షకు రావడంలోనే ఉంది.

మరణాల సంగతీ చూద్దాం. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2010లో లెక్కించగా, బ్యారెట్ ఉన్నవారి మరణాల్లో అన్నవాహిక కేన్సర్ వల్ల జరిగినవి నూటికి 7 మాత్రమే. మిగతా 93 వేరే కారణాలతో; వాటిలో గుండెజబ్బులదే పెద్ద వాటా. కనుక ఈ రోగికి బీపీ, షుగర్ మాత్రలు క్రమంగా అందడం కూడా ప్రాణరక్షణే.

ముక్క పరీక్షలో కణాలు తీవ్రంగా మారినట్లు తేలితే మాత్రం సంగతి వేరు. అప్పుడు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది, చికిత్స వాయిదా వేయరాదు. అలాంటి మార్పు లేనివారికి సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లకోసారి ఎండోస్కోపీ చాలు.

మన దేశంలో అన్నవాహిక కేన్సర్ ఎక్కువగా మరో రకం. అది బ్యారెట్ నుంచి రాదు; పొగాకు, గుట్కా, మద్యం దానికి ముఖ్య కారణాలు. కాబట్టి ఛాతీ మంట లేదు కదా అని గుట్కా నమిలేవారు ధీమాగా ఉండరాదు.

ముద్ద గొంతు దిగకపోవడం, బరువు తగ్గడం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం – వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరును కలవాలి. తిరుపతి స్విమ్స్‌లో, వేలూరు సీఎంసీలో జీర్ణకోశ వైద్య విభాగాలున్నాయి. రంజాన్ నెలలో సహర్ కాగానే పడుకుంటే మంట ఎక్కువవుతుంది. మాత్రల వేళలు డాక్టరునడిగి మార్చుకోవాలి.

మదనపల్లె టమోటా మార్కెట్లో క్రేట్లు మోసే కూలీకి వేలూరు వెళ్లిరావడమంటే బస్సు ఖర్చుతోపాటు ఆ రోజు కూలి కూడా పోయినట్టే. పరీక్ష వాయిదా పడేది అందుకే. ముదిరాక ఆపరేషన్‌కు లక్షలు పోగుచేయడం కంటే, లక్షణాలు కనిపించిన పేదవానికి మొదటి ఎండోస్కోపీ, దారి ఖర్చు, తోడు ఒక మనిషి – ఈ మూడూ సమయానికి సమకూర్చడం మేలు. దాతల సొమ్ము ఎక్కువ ప్రాణాలకు అక్కరకొచ్చేది ఇక్కడేనని మేము నమ్ముతున్నాము.