మోటారు కొనే ముందు కాటా ఎక్కించండి

2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్లు మందుల పెట్టెలతో పైకి లేచాయి. కేంద్ర మంత్రి జ్యోతిరాదిత్య సింధియా, రాష్ట్ర మంత్రి కేటీఆర్ ఆ రోజు ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ ప్రారంభించారు. అదే జిల్లా దౌల్తాబాద్‌లో ఓ కుర్రాడు సన్‌ప్యాక్ షీటు కోసి రిమోట్ విమానం చేసుకోవాలనుకుంటే, ఆ డ్రోన్ల ఇంజినీర్లు వేసిన లెక్కే తనూ వేయాలి. బరువెంత? కరెంటెంత? ఎంతసేపు?

చాలామంది ఈ లెక్క మోటారుతో మొదలుపెడతారు. పెద్దది కొంటే మంచిదనుకుంటారు. ముందు తేలాల్సింది బరువు. బ్యాటరీతో కలిపి కిలో తూగే శిక్షణ విమానానికి 150 నుంచి 200 వాట్లు చాలు. 180 అనుకుందాం. మూడు సెల్లుల లైపో బ్యాటరీ 11.1 వోల్టులిస్తుంది కాబట్టి 16 ఆంపియర్ల చిల్లర లాగుతుంది. మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ 30 ఆంపియర్లది పెడితే వేడెక్కుతుందన్న బెంగ ఉండదు. 2200 ఎంఏహెచ్ బ్యాటరీలో 80 శాతమే వాడాలి. పూర్తి థ్రాటిల్ మీద ఆరున్నర నిమిషాలొస్తుంది. థ్రాటిల్ తగ్గించి తీరిగ్గా తిప్పితే ఇంకా ఎక్కువసేపే.

ఇక మోటారు మీది అంకెలు. 2212 అంటే స్టేటర్ వ్యాసం 22 మిల్లీమీటర్లు, ఎత్తు 12. వెయ్యి కేవీ అంటే భారం లేనప్పుడు వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు. కేవీ ఎక్కువైతే బలమెక్కువని దుకాణాల్లో చెబుతుంటారు, నమ్మకండి. కేవీ పెరిగేకొద్దీ ప్రొపెల్లర్ చిన్నది కావాలి. నిదానంగా ఎగిరే శిక్షణ విమానానికి తక్కువ కేవీ, పెద్ద ప్రొపెల్లరే నప్పుతాయి.

అలాగని ప్రొపెల్లర్‌ను ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. పిచ్ (రెక్కల వాలు), చుట్ల వేగం మారకపోతే, అది అడిగే శక్తి వ్యాసం నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది. పదంగుళాలది తీసి పదకొండు పెడితే 46 శాతం అదనపు భారం! మోటారు వైండింగ్ కమురు వాసన వచ్చేది ఇక్కడే. అందుకే రెండో మోటారు కొనే డబ్బుతో, మోటారు ఎంత లాగుతోందో చూపే వాట్‌మీటర్ కొనండి. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న ప్రతి బడిలో అదొకటి ఉండాలని నా కోరిక.

మన ఎండనూ లెక్కలోకి తీసుకోవాలి. 500 మీటర్ల ఎత్తున, 40 డిగ్రీల వేడిలో గాలి సాంద్రత, సముద్రమట్టంలో 15 డిగ్రీల దగ్గర ఉండేదానికన్నా 13 శాతం తక్కువ. అదే వేగంతో తిరిగినా ప్రొపెల్లర్ అంత థ్రస్ట్ ఇవ్వదు, విమానం నిలబడటానికి 7 శాతం ఎక్కువ వేగం కావాలి. మే నెలలో ఎగరేస్తే తెల్లవారుజామునే ఎగరేయండి.

కంది కోసిన చేలో దించేవాళ్లకు మరో మాట. మోళ్లు గట్టిగా ఉంటాయి, తగిలితే ప్రొపెల్లర్ ముక్కలవుతుంది, షాఫ్టూ వంగుతుంది. రబ్బరు రింగుతో బిగించే ప్రాప్ సేవర్ వాడితే దెబ్బకు ప్రొపెల్లర్ పక్కకు ఒరిగి తప్పుకుంటుంది.

ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ల వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఉంటే సాధారణంగా 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. ఇంట్లో ఈఎస్‌సీ సెట్ చేసేటప్పుడు మాత్రం ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టండి. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఆ ప్లాస్టిక్ అంచు వేళ్లను కోసేస్తుంది.