లాంగ్ రైడ్ కోసం బైక్ కొంటున్నారా? సీసీ, టాప్ స్పీడ్ కాదు.. ముందు ఈ లెక్కలు చూసుకోండి!

ఫోన్ ఓపెన్ చేస్తే చాలు.. లద్దాఖ్ రైడ్ వీడియోలు, మారేడుమిల్లి ఘాట్‌లో డ్రోన్ షాట్లు, అరకు మలుపుల్లో రీల్స్. అవి చూసి ‘మనం కూడా వెళ్లాలి’ అనుకోవడంలో తప్పేం లేదు. సమస్య ఆ తర్వాతే మొదలవుతుంది. వీడియోలో ఉన్న బైకే కావాలని రెండున్నర, మూడు లక్షలు పెట్టి కొనేస్తారు. రెండు ట్రిప్పులు తిరిగాక నడుం నొప్పి, చేతుల తిమ్మిర్లు. వెనక కూర్చున్న ఇల్లాలైతే ‘ఇంకెప్పుడూ ఈ బండి ఎక్కను’ అని తేల్చి చెప్పేస్తుంది. ఆ తర్వాత ఆ బండి పార్కింగ్‌లో కవర్ కప్పుకుని ఉంటుంది. ఈఎంఐ మాత్రం నెలనెలా కట్ అవుతూనే ఉంటుంది.

అసలు లాంగ్ రైడ్‌కు బైక్ ఎలా ఎంచుకోవాలి? షోరూమ్‌కు వెళ్లే ముందు ఏ లెక్కలు వేసుకోవాలి? చూద్దాం.

ముందు మీ రూట్ ఏంటో తేల్చుకోండి

ఎక్కువ మంది లద్దాఖ్ కోసమని బైక్ కొంటారు. తిరిగేది మాత్రం శ్రీశైలం, అరకు, హంపి, గోకర్ణ. జీవితంలో ఒకసారి వెళ్లే రూట్ కోసం కాదు, ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్లే రూట్ కోసం బైక్ కొనాలి. లద్దాఖ్‌కు కావాలంటే అక్కడే అద్దెకు తీసుకోవచ్చు.

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబర్ హైవే తీసుకోండి. దాదాపు 570 కిలోమీటర్లు, నాలుగు లేన్ల రోడ్డు. గంటల తరబడి ఒకే స్పీడులో సాగిపోవాలి. ఇక్కడ ఇంజిన్ నిలకడ ముఖ్యం. అదే విశాఖ నుంచి అరకు అయితే 115 కిలోమీటర్లే. కానీ అనంతగిరి దాటేవరకూ మలుపు మీద మలుపు. ఇక్కడ బైక్ బరువు, బ్రేకులు, తక్కువ స్పీడులో లాగే సత్తా ముఖ్యం. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు అడవి దారిలో వర్షాకాలం వెళ్లారంటే టైర్ గ్రిప్, సస్పెన్షన్ విలువ తెలిసొస్తుంది. మూడింటికీ ఒకే బైక్ నంబర్ వన్ కాదు. మీరు వెళ్లేది వీటిలో ఏది ఎక్కువ అన్నదే మొదటి ప్రశ్న.

టాప్ స్పీడ్ ఎంత? అసలు ఆ ప్రశ్నే తప్పు

షోరూమ్‌లో అందరూ అడిగే మాట ఇదే. నిజానికి కేంద్రం 2018లో నోటిఫై చేసిన గరిష్ఠ పరిమితుల ప్రకారం నాలుగు లేన్ల హైవేపై బైకులకు గంటకు 80 కిలోమీటర్లే. చాలా మందికి ఈ విషయమే తెలియదు. మరి 160 వెళ్లే బండితో పనేంటి?

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఏ స్పీడులో మూడు గంటలు నడిపినా ఇంజిన్ గింజుకోకుండా, హ్యాండిల్‌లో వణుకు రాకుండా ఉంటుంది? సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో ఒక్కో పేలుడుకూ ఒక కుదుపు ఉంటుంది. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ అది సన్నటి వణుకుగా మారి హ్యాండిల్, ఫుట్‌రెస్ట్, సీటు మీదకు పాకుతుంది. అరగంట టెస్ట్ రైడ్‌లో అది తెలియదు. రెండో గంటలో వేళ్లు తిమ్మిరెక్కుతాయి. 350 సీసీ క్రూయిజర్లు 80 నుంచి 90 మధ్య హాయిగా పోతాయి. అంతకు మించి తోస్తే అవీ అలసిపోతాయి, మీరూ అలసిపోతారు. 400, 450 సీసీ లిక్విడ్ కూల్డ్ బైకుల్లో ఇంజిన్‌కు ఇంకొంత దమ్ము మిగిలే ఉంటుంది. లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ మిగులే పనికొస్తుంది. రెండు సిలిండర్ల 650 బైకులైతే హైవే మీద మరీ నున్నగా సాగుతాయి. కానీ వాటి బరువు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఇంకో చిన్న లెక్క. 570 కిలోమీటర్ల ప్రయాణంలో టిఫిన్, టీ, పెట్రోలు, ఊళ్ల దగ్గర ట్రాఫిక్ అన్నీ కలిపితే సగటు గంటకు 55, 60 కిలోమీటర్ల దగ్గరే ఆగుతుంది. మధ్యలో 120తో పరుగెత్తిన వాడికీ, 85తో వచ్చిన వాడికీ తేడా గంటకు కాస్త అటూ ఇటూ. ఆ గంట కోసం వెన్నుపూసను, ఒక్కోసారి ప్రాణాన్నే పణంగా పెడుతున్నాం.

అసలు పరీక్ష.. మీ కాళ్లు నేలకు అందుతున్నాయా?

వీడియోల్లో ఎవరూ పెద్దగా చెప్పని విషయం ఇదే. కానీ బైక్ ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. బరువు 196 కిలోలు. సుజుకి వి-స్ట్రోమ్ ఎస్ఎక్స్ సీటు ఇంకాస్త ఎత్తు, 835. బరువు మాత్రం 167 కిలోలే. అదే మీటియర్ 350 తీసుకుంటే సీటు ఎత్తు 765, బరువు 191 కిలోలు. సూపర్ మీటియర్ 650 సీటు 740కే దిగుతుంది, కానీ బరువు 241 కిలోలు.

ఐదడుగుల నాలుగంగుళాల మనిషి 825 సీటు మీద కూర్చుంటే మడమలు ఆనవు, మునివేళ్లే నేలను తాకుతాయి. ఖాళీ రోడ్డు మీద అదో సమస్యే కాదు. కానీ ఘాట్‌లో ఏటవాలుగా ఉన్న చోట యూటర్న్ తీసుకోవాలి, వెనక మనిషి ఉంది, రెండు వైపులా బ్యాగులు, రోడ్డు పక్కన గులకరాళ్లు. ఒక పక్కకు ఒరిగితే 200 కిలోల బండికి లగేజీ బరువు తోడవుతుంది. మునివేళ్ల మీద దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. టూర్లలో బైక్ పడిపోయే సందర్భాలు ఎక్కువగా వంద స్పీడులో కాదు, ఇలా సున్నా స్పీడులోనే వస్తాయి. క్లచ్ లివర్ విరుగుతుంది, లేదంటే కాలు బండి కింద ఇరుక్కుంటుంది.

అలాగని పొట్టివాళ్లు అడ్వెంచర్ బైక్ కొనకూడదని కాదు. ఒక కాలు పూర్తిగా ఆనితే చాలు, అలవాటు చేసుకోవచ్చు. కొన్ని బైకులకు తక్కువ ఎత్తు సీట్లు కంపెనీయే ఇస్తోంది. షోరూమ్‌లో బండిని స్టాండ్ మీద పెట్టి కూర్చుని ఫొటో దిగడం కాదు. స్టాండ్ తీసి, మీరు రైడ్‌లో వేసుకునే షూతోనే కూర్చోండి. వెనక్కి నెట్టండి. దిగి పక్కన నడుస్తూ తోసి చూడండి. ఏటవాలు పార్కింగ్ ఉంటే మరీ మంచిది. సేల్స్‌మన్ విసుక్కున్నా ఫర్వాలేదు, డబ్బు మీది.

కూర్చునే తీరు.. క్రూయిజరా, అడ్వెంచరా?

క్రూయిజర్‌లో కాళ్లు ముందుకు చాపుకుని కూర్చుంటాం. సోఫాలో కూర్చున్నట్టే ఉంటుంది. మంచి హైవే మీద దీనికి తిరుగులేదు. గుంత వచ్చినప్పుడు మాత్రం ఇబ్బంది. కాళ్లు ముందున్నాయి కాబట్టి లేచి నిలబడలేం, ఆ దెబ్బంతా నేరుగా నడుముకే తగులుతుంది. ఇప్పటికే వెన్ను సమస్య ఉన్నవాళ్లు ఇది గమనించాలి.

అడ్వెంచర్ బైకుల్లో ఫుట్‌రెస్ట్ కాళ్ల కిందే ఉంటుంది. గుంత కనపడగానే సీటు మీంచి కాస్త లేస్తే మోకాళ్లే షాక్ అబ్జార్బర్లు. హ్యాండిల్ వెడల్పు, కూర్చునే తీరు నిటారు. దూర ప్రయాణానికి, పాడైన రోడ్డుకి ఇదే మేలు. ఎదురుగాలి ఎక్కువ తగులుతుంది కాబట్టి విండ్‌స్క్రీన్ ఉండాల్సిందే. ఇక స్పోర్ట్స్ బైకులా? ముందుకు వంగి మణికట్ల మీద బరువు వేసి రోజుకు 400 కిలోమీటర్లు పోవడం పాతికేళ్ల వయసులో సరదా. ఆ తర్వాత శిక్షే.

వెనక కూర్చునే మనిషిని షోరూమ్‌కు తీసుకెళ్లారా?

జంటగా తిరిగేవాళ్లు చేసే పెద్ద పొరపాటు.. బైక్ ఒక్కరే వెళ్లి చూసి రావడం. నడిపేవాళ్లకు రోడ్డు కనపడుతుంది, పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంటుంది, మనసు పనిలో ఉంటుంది. వెనకవాళ్లకు ఇవేవీ లేవు. సీటు వెడల్పు ఎంత, ఫుట్‌రెస్ట్ మరీ పైకి ఉండి మోకాళ్లు మడతపడుతున్నాయా, పట్టుకోవడానికి గ్రాబ్ రైల్ ఉందా, బ్యాక్‌రెస్ట్ పెట్టించుకోవచ్చా, ఇవన్నీ వాళ్లే కూర్చుని చెప్పాలి. ఒకవేళ వాళ్లకు నచ్చకపోతే ఆ బైక్ మీకెంత నచ్చినా వదిలేయండి. ఇందులో మొహమాటం అనవసరం.

ఇద్దరి బరువు, లగేజీ కలిపి బైక్ ఎంత మోయగలదో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. దాన్ని దాటితే బ్రేకు పడే దూరం పెరుగుతుంది, వెనక సస్పెన్షన్ చివరిదాకా దిగి తగులుతుంది. ఇద్దరున్నప్పుడు వెనక టైరులో ఎంత గాలి ఉండాలో కూడా అందులోనే ఉంటుంది. ఆ ఒక్క పేజీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ట్యాంక్ లెక్క ఇలా వేయాలి

బ్రోచర్‌లో మైలేజీ 35 అని ఉందనుకోండి. 13 లీటర్ల ట్యాంక్ అంటే 455 కిలోమీటర్లు వెళ్తుందని సంబరపడొద్దు. ఇద్దరు మనుషులు, బ్యాగులు, ఎదురుగాలి అన్నీ కలిస్తే ఆ 35 కాస్తా 28 అవుతుంది. రెండు లీటర్లు రిజర్వ్ తీసేయండి. మిగిలిన 11 లీటర్లకు 308 కిలోమీటర్లు. అంటే 250 దాటగానే బంకు వెతుక్కోవాలి.

తెలుగు రాష్ట్రాల హైవేల మీద ఇది సరిపోతుంది. బంకులకు కొదవలేదు. కానీ మనాలి-లేహ్ దారిలో తాండి దగ్గర బంకు బోర్డు ఏళ్ల తరబడి ఫేమస్. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని రాసి ఉంటుంది. 17 లీటర్ల ట్యాంక్ ఉన్న హిమాలయన్ 450 లాంటి బైకులకు అక్కడ ధీమా ఉంటుంది. 12 లీటర్ల వి-స్ట్రోమ్ ఎస్ఎక్స్ తీసుకెళ్లేవాళ్లు క్యాన్‌లో అదనపు పెట్రోలు కట్టుకుని వెళ్లడమే మేలు.

350 సీసీ దగ్గర గీత.. జేబు మీద పడే తేడా

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ వరకు బైకులకు పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటిన వాటికి సెస్‌తో కలిపి 31 శాతం ఉన్నది 40 శాతానికి పెరిగింది. అంటే 349 సీసీకి, 399 సీసీకి మధ్య ధర తేడా బాగా పెరిగిపోయింది. ఈ తేడా డబ్బుతో మంచి హెల్మెట్, రైడింగ్ జాకెట్, గ్లోవ్స్, షూ, సాడిల్ బ్యాగులు చాలావరకు వచ్చేస్తాయి. బడ్జెట్ బిగువుగా ఉన్నవాళ్లకు మా సూటి సలహా: చిన్న బైక్, పెద్ద గేర్. నాలుగు వందల సీసీ బైక్ మీద ఐదు వందల రూపాయల హెల్మెట్‌తో వెళ్లే రైడర్లను చూస్తే భయమేస్తుంది. ఐఎస్ఐ మార్కు హెల్మెట్ వెనకవాళ్లకూ తప్పనిసరి, చట్టం కూడా అదే చెబుతోంది.

ఏబీఎస్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. 125 సీసీ దాటిన కొత్త బైకులన్నింటికీ ఏబీఎస్ ఉంటుంది, కానీ కొన్నింటికి ముందు చక్రానికే. వర్షంలో ఘాట్ దిగేటప్పుడు వెనక చక్రం జారకూడదంటే డ్యూయల్ ఛానల్ ఉన్నదే తీసుకోండి.

పంక్చర్, సర్వీస్.. ఇవి కూడా బైకులో భాగమే

అల్లాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్ టైర్లు ఉంటే పంక్చర్ కిట్‌తో రోడ్డు పక్కనే పావుగంటలో పని అయిపోతుంది. స్పోక్ వీల్స్ గుంతల్లో గట్టివే, కానీ చాలా వాటికి ట్యూబ్ ఉంటుంది. నల్లమల అడవి మధ్యలో చక్రం విప్పి ట్యూబ్ మార్చడం మీకొచ్చా? శ్రీశైలం దారిలో అడవి చెక్‌పోస్టులు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. సాయంత్రం పంక్చరై గంట పోయిందంటే గేటు బయటే రాత్రి గడవాలి.

అలాగే మీరు తిరిగే జిల్లాల్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో లేదో చూడండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మాత్రమే సర్వీస్ ఉన్న ఖరీదైన బైక్ ఆదిలాబాద్ దాటాక ఆగిపోతే ట్రక్కు ఎక్కించుకుని రావాలి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందా అని అడగండి. చెయిన్ ఉన్న బైకులకు సుమారు 500 కిలోమీటర్లకోసారి లూబ్ పట్టించాలి, చిన్న డబ్బా బ్యాగులో పడేసుకోండి.

ఈ రోడ్ల మీద బైకులకు నో ఎంట్రీ

రూట్ మ్యాప్ చూసి బయలుదేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాద్ ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదకు బైకులను రానివ్వరు, సర్వీస్ రోడ్డే దిక్కు. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద 2023 ఆగస్టు నుంచి నిషేధం ఉంది. ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్‌వే సంగతీ అంతే. మ్యాప్‌లో టూవీలర్ మోడ్ పెట్టుకోకపోతే నేరుగా వీటి మీదకే తీసుకెళ్తుంది.

కొనే ముందు ఒక వీకెండ్ అద్దెకు తీసుకోండి

పది నిమిషాల టెస్ట్ రైడ్‌తో లాంగ్ రైడ్ బైక్ తేలదు. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఈ మోడళ్లు చాలావరకు అద్దెకు దొరుకుతాయి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి, సొంత ప్లేటు బండి అద్దెకిస్తే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ తలనొప్పి. వెనక కూర్చునే మనిషిని, నిజంగా తీసుకెళ్లే లగేజీని ఎక్కించుకుని రానూపోనూ నాలుగైదు వందల కిలోమీటర్లు తిరగండి. ఆదివారం రాత్రి ఇంటికొచ్చాక ఎక్కడ నొప్పి పుడుతోందో ఇద్దరూ చూసుకోండి. కొన్ని వేలు ఖర్చవుతాయి. మూడు లక్షల పొరపాటు కంటే ఇది చవకే కదా.

కొన్నాక తొందరపడి డెలివరీ రోజే టూర్ పెట్టుకోవద్దు. కొత్త ఇంజిన్‌ను మొదటి 500 కిలోమీటర్లు మరీ గట్టిగా లాగకుండా, స్పీడు మారుస్తూ నడపాలి. ఆ తర్వాత మొదటి సర్వీసులో ఆయిల్ మార్పించి, చెయిన్ బిగువు సరిచూపించుకోవాలి. అప్పటిదాకా ఆఫీసుకి, ఊరికి తిప్పండి. బండి బరువు, బ్రేకు, మలుపులో అది ఒరిగే తీరు చేతికి అలవాటైతే శ్రీశైలం ఘాట్‌లో కొత్తగా నేర్చుకోవాల్సిన పని ఉండదు.