చిన్న ప్యాడుతో మెరుగు పెట్టుట

పటాన్‌చెరు నుండి సంగారెడ్డికి పోవు 65వ జాతీయ రహదారి ప్రక్కన కార్లను కడిగి మెరుగు పెట్టు షెడ్లు అనేకము ఉన్నవి. మా కళాశాల విద్యార్థి యొకడు సెలవు దినములలో అట్టి షెడ్డులో పని చేయుచుండెను. ఒకనాడు కారు తలుపు పిడి వెనుక నుండు గుంటలో గీతలు తీయవలసి వచ్చినది. పెద్ద ఫోము ప్యాడు అందులో పట్టలేదు. పాత ప్యాడు నుండి చిన్న ముక్కను కత్తెరతో గుండ్రముగా కత్తిరించి, దానిని బఫింగు యంత్రమునకు తగిలించి రుద్దినాడు. గీతలు పోయినవి. వానితోపాటు రూపాయి బిళ్ల యంత మేర పైపూత కూడ పోయి, క్రింది రంగు వెలవెలబోయి కనిపించినది. ఆ తలుపునకు మరల రంగు వేయించిన ఖర్చును అతని కూలిలో పట్టుకొనిరి.

“సార్, పెద్ద ప్యాడుతో ఎన్నడును ఇట్లు జరుగలేదు. అదే యంత్రము, అదే చేయి, అదే బలము. ప్యాడు చిన్నది కదా, తక్కువే అరుగవలెను గదా?” అని అతడు నన్నడిగెను.

ఈ ప్రశ్నకు సమాధానము ఉన్నత పాఠశాలలో చదువుకొను భౌతిక శాస్త్రములోనే ఉన్నది.

మెరుగు అనగా నేమి?

ఇప్పటి కార్లపై రంగు పలు పొరలుగా ఉండును. అన్నిటికంటె పైనుండునది రంగులేని పారదర్శకమైన పూత. దీనిని షెడ్లలో క్లియర్ కోటు అందురు. దీని మందము సాధారణముగా 40 నుండి 50 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రానుల మందముండును. అనగా కారు మెరుపంతయు వెంట్రుకకంటె పలుచనైన పొరలో ఉన్నది. ఎండలోని అతినీల లోహిత కిరణముల నుండి రంగును కాపాడునదియు ఈ పొరయే.

దీనిపై గీతలు పడుటకు ముఖ్య కారణము దుమ్ము. పటాన్‌చెరు ప్రాంతములో ఎర్రనేల, నల్లనేల రెండును కలవు. 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రములో ఈ రెండు నేలలను ప్రక్కప్రక్కనే చూడవచ్చును. ఎర్రనేల గ్రానైటు జాతి రాళ్లు శిథిలమగుట వలన ఏర్పడినది. కావున దాని దుమ్ములో క్వార్ట్జు రేణువు లుండును. మోహ్స్ కాఠిన్య మానములో క్వార్ట్జు స్థానము 7. మెత్తని ప్లాస్టికు వంటి క్లియర్ కోటును అది సులభముగా గీయును. ఎండిన గుడ్డతో కారు తుడిచిన ప్రతిసారియు మనమీ రేణువులతో దానిని గీయుచున్నామన్నమాట.

మెరుగు పెట్టుట యనగా గీతను పూడ్చుట కాదు. గీత చుట్టునున్న పూతను గీత అడుగు మట్టము వరకు అరుగదీయుట. అరుగదీయు పొడి తానును గీతలు వేయును గాని, అవి అతి సూక్ష్మములు. గాజునకు మెరుగు పెట్టినపుడు గీతలు నశింపవనియు, కంటికి కనబడనంత చిన్నవగుననియు న్యూటన్ 1704లో ప్రచురించిన తన కాంతి శాస్త్ర గ్రంథములో వ్రాసెను. కంటికి కనిపించు కాంతి తరంగ దైర్ఘ్యము 0.4 నుండి 0.7 మైక్రానుల వరకుండును. గీతలు దీనికంటె బాగుగా చిన్నవైనపుడు కాంతి చెదరక ఒకే దిక్కునకు పరావర్తనము చెందును. దానినే మనము మెరుపు అందుము.

కాబట్టి మెరుపు వచ్చిన ప్రతిసారియు పూత కొంత తరుగును. తరిగినది తిరిగి రాదు.

ఎంత అరుగును?

గాజు పలకలకు మెరుగు పెట్టుటను పరిశీలించి ప్రెస్టన్ అను శాస్త్రజ్ఞుడు 1927లో ఒక సూత్రమును ప్రకటించెను. ఒక చోట ఉపరితలము అరుగు రేటు అచ్చటి పీడనమునకును, రుద్దు వేగమునకును గల లబ్ధమునకు అనులోమానుపాతములో ఉండునని దాని సారాంశము. దూరదర్శినుల కటకములు మొదలుకొని ఈనాటి సిలికాన్ పలకల వరకు మెరుగు పెట్టువారు దీనిని లెక్కలోనికి తీసికొనుచున్నారు. కారు పూతకు కూడ దీనిని ఉజ్జాయింపుగా వాడుకొనవచ్చును.

150 మిల్లీమీటర్ల వ్యాసముగల పెద్ద ప్యాడు, 50 మిల్లీమీటర్ల చిన్న ప్యాడు తీసికొందము. యంత్రము నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచున్నదనుకొందము. చేతి బలము రెండింటిపైనను 40 న్యూటన్లు, అనగా సుమారు 4 కిలోల బరువు.

మొదట వేగము. పెద్ద ప్యాడు అంచు వేగము సెకనుకు 11.8 మీటర్లు. చిన్న ప్యాడు అంచు వేగము 3.9 మీటర్లు. ఇది మూడవ వంతు. మన విద్యార్థి ఇంతవరకు సరిగానే ఊహించినాడు.

ఇక పీడనము. పెద్ద ప్యాడు వైశాల్యము 177 చదరపు సెంటీమీటర్లు. చిన్నదాని వైశాల్యము 19.6 మాత్రమే. వ్యాసము మూడవ వంతైనచో వైశాల్యము తొమ్మిదవ వంతగును. బలము మారలేదు కనుక పీడనము తొమ్మిది రెట్లైనది. అతడు మరచినది దీనిని.

వేగము మూడవ వంతు, పీడనము తొమ్మిది రెట్లు. లబ్ధము మూడు రెట్లు. కావున చిన్న ప్యాడు క్రింది పూత మూడు రెట్లు త్వరగా అరిగినది. ప్రతి చదరపు సెంటీమీటరునకు పుట్టు ఘర్షణోష్ణము కూడ మూడు రెట్లే. పైగా పెద్ద ప్యాడు తలుపు పొడవునా కదలుచు పోవును. గుంటలో చిన్న ప్యాడునకు కదలుటకు చోటు లేదు. పుట్టిన వేడి అచ్చటనే నిలిచి పూతను మెత్తబరచును. ప్లాస్టికు బంపరుపై ఈ ప్రమాదము మరింత యెక్కువ. ఏలననగా ఉక్కు రేకు వలె ప్లాస్టికు వేడిని త్వరగా ప్రక్కకు పంపజాలదు.

దీని నుండి ఒక సులభమైన నియమము వచ్చును. పీడనము బలమును వ్యాస వర్గముచే భాగించినట్లు మారును. వేగము వ్యాసము వలె మారును. రెండింటిని గుణించిన మిగులునది బలము, వ్యాసముల నిష్పత్తి. అనగా చుట్లు మారనిచో, వ్యాసము ఎన్నవ వంతైనదో బలమును కూడ అన్నవ వంతు చేయవలెను. 50 మిల్లీమీటర్ల ప్యాడునకు 4 కిలోలు కాదు, 1.3 కిలోలు చాలును.

ప్యాడును కోయు విధము

చిన్న ప్యాడులు దుకాణములో దొరకును. కాని అంచులు చెడిన పెద్ద ప్యాడు నుండి వానిని కోసికొనుట పొదుపు. ఒక రూపాయి బిళ్ల చుట్టు అట్టివే ఆరు బిళ్లలను తాకునట్లు పేర్చి చూడుడు. ఆరును సరిగా అమరును. ఈ ఏడింటిని చుట్టు వృత్తపు వ్యాసము ఒక బిళ్ల వ్యాసమునకు మూడు రెట్లు. కనుక 150 మిల్లీమీటర్ల ప్యాడు నుండి 50 మిల్లీమీటర్ల ముక్కలు సిద్ధాంత రీత్యా ఏడు వచ్చును. వ్యర్థమగునది వైశాల్యములో తొమ్మిదింట రెండు వంతులు మాత్రమే. కోతకు ముక్కల నడుమ 2 మిల్లీమీటర్లు విడిచినచో ఒక్కొక్కటి సుమారు 48.7 మిల్లీమీటర్లకు తగ్గును. అంచు చెడిన మేర వాడరాదు కనుక అచ్చటి ముక్కలను ఇంకను చిన్నవిగా కోసికొనవలెను.

కత్తెర పనికిరాదు. ఫోము నొక్కుకొనిపోయి, వదలినపుడు ముక్క ప్రక్కలు నడుము వలె లోనికి పోవును. పలుచని ఉక్కు గొట్టపు ముక్క అంచును బయటి వైపు నుండి మాత్రమే పదును పెట్టి, దానిని త్రిప్పుచు మెల్లగా దింపవలెను. ఫోమును తడిపి, పిండి, ఫ్రీజరులో ఉంచినచో ఇంకను మంచిది. ఫ్రీజరు చలికి పాలియురెథేన్ ఫోము తానుగా గట్టిపడదు. గదులలో మిగిలిన నీరు మంచుగా మారి వానిని కదలనీయదు. ప్యాడు వెనుక గుడ్డ వైపును చెక్కపై ఆన్చి కోసినచో చివర గుడ్డ కూడ పోగులు లేవక తెగును. ఈ పని ఉపాధ్యాయుని సమక్షములో, ప్యాడును బిగించి, కండ్లకు అద్దములు పెట్టుకొని చేయవలెను.

వెనుకనున్న ఈ గుడ్డ యంత్రపు పలకపై గల చిన్న కొక్కెములను పట్టుకొనును. పొలములో ఉత్తరేణి గింజలు పంచెకు అంటుకొనుట మీరెరుగుదురు. అట్టి అంటుకాయలను 1941లో సూక్ష్మదర్శినితో పరీక్షించియే స్విట్జర్లండు ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ ఈ పద్ధతిని కనుగొనెను.

ముక్కను పలక నడుమ సరిగా అంటించుట ముఖ్యము. తడిసి 6 గ్రాములు తూగు ప్యాడు కేంద్రము నుండి 2 మిల్లీమీటర్లు తొలగి, నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో, సుమారు 1.2 న్యూటన్ల బలము సెకనుకు 50 సార్లు దిక్కు మార్చుచు యంత్రమును కుదుపును. అప్పుడు చేయి తెలియకయే మరింత గట్టిగా అదుమును. మనము తగ్గింపదలచిన బలమే మరల పెరుగును. ప్యాడు మందము కూడ వ్యాసమునకు తగి యుండవలెను. 50 మిల్లీమీటర్ల ముక్క 25 మిల్లీమీటర్ల మందమున్నచో ప్రక్కకు ఒరిగి అంచుపై నడచును. 12 నుండి 15 మిల్లీమీటర్ల మందపు ప్యాడు నుండి కోసికొనుట మేలు.

తరగతిలో ఒక ప్రయోగము

వంటింటి తూకపు యంత్రముపై చిన్న ప్యాడును చేతితో అదిమి, 1.3 కిలోలు చూపునట్లు పట్టుడు. కండ్లు మూసికొని మరల అంతే బలముతో అదుముడు. మొదట ప్రతివారును ఎక్కువగానే అదుముదురు. పది పండ్రెండు సార్లు చేసిన పిమ్మట చేయి నేర్చుకొనును. బలము కంటికి కనబడదు గాని దానిని కొలువవచ్చునను సంగతి పిల్లలకు ఈ ప్రయోగము వలన స్వయముగా తెలియును.

మా విద్యార్థి ఇపుడు తన ప్యాడులను గొట్టముతో కోసికొనుచున్నాడు. ఒక్కొక్కదాని వెనుక, గుడ్డపై, సిరాతో ఒక అంకె వ్రాసి యుంచినాడు: ఒకదానిపై 1.3, దానికంటె చిన్నదానిపై 0.8. అవి అతడు తూకపు యంత్రముపై సరిచూచుకొనిన కిలోలు.