నైన్ వన్ వన్: మా ఇంటి అనుభవాలు
(రేడియో ప్రసంగ పాఠం)

నేను కాపెల్ నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ చెప్పబోయేది మనందరికీ తెలిసిన నంబరు గురించే. తెలుసు అనుకుంటాం గానీ, నాకు తెలిసింది సగమేనని తెలియడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. అందులో నా తప్పు కూడా ఉంది. అది దాచుకోకుండా చెబుదామనే వచ్చాను.

మొదటిసారి 911కి ఫోన్ చేసింది 2004లో, అదీ పొరపాటున. అప్పుడు అర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా అక్క ఢిల్లీలో ఉండేది. ఢిల్లీకి ఫోన్ చెయ్యాలంటే ముందు 011, తర్వాత 91, తర్వాత ఢిల్లీ కోడ్ 11. చంకలో పిల్లాడు ఏడుస్తున్నాడు, స్టవ్ మీద పప్పు పొంగుతోంది. ఆ హడావిడిలో మొదటి 011 మర్చిపోయి 91 11 అని మొదలుపెట్టాను. అంటే ఏం నొక్కినట్టో మీకు అర్థమయ్యే ఉంటుంది. అక్క గొంతు వినబడుతుందనుకుంటే ఎవరో ఆవిడ "మీ ఎమర్జెన్సీ ఏమిటి?" అంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఠక్కున పెట్టేశాను. వెంటనే ఫోన్ మోగింది. భయమేసి తియ్యలేదు.

పది నిమిషాల్లో ఇద్దరు పోలీసులు తలుపు కొట్టారు. ఒకాయన మావారిని బయట వరండాలోకి తీసుకెళ్ళి మాట్లాడారు. ఇంకొకావిడ నన్ను పక్కకి పిలిచి, నీకేమీ ఫరవాలేదు కదా, నిన్నెవరైనా బెదిరిస్తున్నారా అని మెల్లిగా అడిగింది. పప్పు మాడిన వాసన, పిల్లాడి ఏడుపు, నా వచ్చీరాని ఇంగ్లీషు! చివరికి నవ్వుతూనే వెళ్ళిపోయారు. మావారికి మాత్రం వారం రోజులు కోపం తగ్గలేదు. "నేనేదో నిన్ను కొట్టినట్టు విడదీసి అడుగుతారేమిటి?" అని.

వాళ్ళు చేసింది సబబేనని చాలాకాలానికి గానీ తెలియలేదు. ఫోన్ చేసి పెట్టేసిన వాళ్ళలో నాలాంటి తెలివితక్కువ వాళ్ళూ ఉంటారు, చేతిలోంచి ఫోన్ లాక్కోబడ్డవాళ్ళూ ఉంటారు. అవతల కూర్చున్న మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? అందుకే తిరిగి ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే మనిషిని పంపిస్తారు. పొరపాటున నొక్కితే పెట్టెయ్యకుండా "పొరపాటైంది, అందరం బాగానే ఉన్నాం" అని చెప్పాలి. అంతే.

కానీ ఆ రోజు నేను నేర్చుకున్నది అది కాదు. ఆ నంబరంటే భయపడ్డం నేర్చుకున్నాను. అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చినప్పుడల్లా ఈ కథ నవ్వుతూ చెప్పి, చివర "పొరపాటున కూడా ఆ నంబరు నొక్కకండి, పోలీసులొచ్చేస్తారు" అనేదాన్ని.

ఇక 2018 సంగతి. అప్పటికి కాపెల్‌లో డెంటన్ టాప్ రోడ్డుకి దగ్గర్లో సొంత ఇల్లు. నేను ఆఫీసు పని మీద హ్యూస్టన్‌లో ఉన్నాను. మావారు పిల్లాణ్ణి తీసుకుని ఆస్టిన్ వెళ్ళారు. ఇంట్లో అమ్మ, నాన్న ఇద్దరే. తెల్లవారుజామున అయిదింటికి అమ్మ ఫోన్. "ఏమే, నిద్ర లేపానా? నాన్నకి గుండెల్లో బరువుగా ఉందిట. గ్యాసేమోనే, వాము నమిలించాను. చెమటలు పడుతున్నాయి. ఎడమ చెయ్యి లాగుతోందంటున్నారు."

ఎప్పటినుంచి అని అడిగితే "నాలుగూ ఇరవై నుంచి" అంది. నలభై నిమిషాలు! "నువ్వు నిద్ర చెడగొట్టుకుంటావని ఆగాను. మనూళ్ళో అయితే 108కి కొట్టేదాన్ని. ఇక్కడ నువ్వే కదే, ఆ నంబరు జోలికి పోవద్దన్నావు."

ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే గుండె కలుక్కుమంటుంది. మా అమ్మ తెలియని మనిషి కాదు. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే మొదలైంది. వీధిలో ఎవరికి ఏమైనా మా అమ్మే ఫోన్ చేసేది. అలాంటి మనిషి చేతులు నేను కట్టేశాను.

హ్యూస్టన్ హోటల్ గదిలోంచి నా సెల్‌లో 911 నొక్కాను. హ్యూస్టన్ వాళ్ళే పలికారు! మనం ఎక్కడ నిలబడి నొక్కితే అక్కడి వాళ్ళకే వెళుతుంది, మనవాళ్ళు ఎక్కడున్నారో ఆ ఊరికి కాదు. నేను గబగబా "మా నాన్నగారు పోయిన నెల ఇండియా నించి వచ్చారు, ఆయనకి షుగర్ ఉంది..." అని మొదలుపెట్టాను. మనవాళ్ళందరం అంతే, అడ్రసు తప్ప అన్నీ చెబుతాం. ఆవిడ ఆపి "ఏ ఊరు? ఏ కౌంటీ?" అంది. కాపెల్, డల్లాస్ కౌంటీ అన్నాను. నన్ను లైన్లోనే ఉంచి అటు కలిపింది. కాపెల్, కారల్టన్, ఫార్మర్స్ బ్రాంచ్, ఎడిసన్ నాలుగు ఊళ్ళకీ కలిపి 2016 నుంచి ఒకటే కేంద్రం. అలా కలపడానికి పట్టినది కాసేపే గానీ నాకు యుగంలా ఉంది. ఇవాళ నా ఫోన్‌లో అక్కడి పది అంకెల నంబరు రాసిపెట్టుకున్నాను. వేరే ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల కోసమో, కాలేజీలో ఉన్న పిల్లల కోసమో మీరూ ఆ ఊరి పోలీసుల మామూలు నంబరు రాసిపెట్టుకోండి.

రెండో చెవిలో హోటల్ ఫోన్, అందులో అమ్మ. అటువైపు అడిగింది ఇటు చెప్పడం, ఇటు చెప్పింది అటు చెప్పడం. తెలివిలో ఉన్నారా, ఊపిరి సరిగ్గా ఉందా, వయసెంత? వీధి తలుపు తియ్యండి, బయట లైటు వెయ్యండి, ఆయన్ని నడిపించకండి. ఆస్పిరిన్ పడదని ఎప్పుడైనా అన్నారా అని అడిగి, లేదంటే నమలమన్నారు. ప్రశ్నలు అడుగుతుంటే చిరాకేసింది, ముందు పంపించవచ్చు కదా అని. తర్వాత తెలిసింది, అడ్రసు చెప్పగానే బండి బయల్దేరింది, ప్రశ్నలు దానికి అడ్డు కావు.

"ఫైరింజన్ వచ్చిందే! మంటలేం లేవని చెప్పు!" అని అమ్మ కేక. కాపెల్‌లో పారామెడిక్కులు ఫైర్ డిపార్ట్‌మెంటు వాళ్ళే. హాల్లోనే ఇ.సి.జి. తీశారు. ఆస్పత్రిలో స్టెంట్ వేశారు. నాన్న దక్కారు గానీ, గుండె కండరం కొంత దెబ్బతింది. ముందే వచ్చి ఉంటే ఎంత మిగిలేదో డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు.

అమ్మకి ఇంగ్లీషు రాదన్నది కూడా నేను పెట్టుకున్న అడ్డే. 911కి ఫోన్ చేసి "తెలుగు" అన్న ఒక్క మాట అంటే, ఫోన్‌లోనే దుబాసీని కలిపే ఏర్పాటు చాలా కేంద్రాల్లో ఉంది. దుబాసీ దొరికేలోపు ఊరు పేరు, ఇంటి నంబరు, వీధి పేరు చెప్పగలిగితే చాలు.

డబ్బు భయం ఒకటుంది. ఫోన్ చెయ్యడానికి ఖర్చు లేదు. అంబులెన్సు ఎక్కించుకుంటే బిల్లు వస్తుంది, కాదనను. కానీ ఇన్సూరెన్సు లేదని ఎమర్జెన్సీ రూములో చూడకుండా పంపించెయ్యడానికి వీల్లేదని 1986 నుంచి ఫెడరల్ చట్టం ఉంది.

నాన్న ఇంటికొచ్చాక ఇంట్లో ఫోన్లన్నీ ముందేసుకు కూర్చున్నాను. ఇండియాకి మాట్లాడ్డానికి పెట్టుకున్న ఇంటర్నెట్ ఫోన్ తీసి చూస్తే, 911 కోసం అందులో మేమిచ్చిన అడ్రసు ఇంకా అర్వింగ్ అపార్ట్‌మెంటుదే! ఆ రోజు అమ్మ దాంట్లోంచి నొక్కి ఉంటే ఎవరి తలుపు కొట్టేవారో. ఇల్లు మారితే కరెంటు, నీళ్ళు, బ్యాంకు అన్నీ మారుస్తాం, ఇది మర్చిపోతాం. సెల్‌లో వైఫై కాలింగుకి ఇచ్చిన అడ్రసూ అంతే. ఇంకో సంగతి, ప్లాన్ లేని సెల్ కూడా చార్జింగు ఉంటే 911కి పలుకుతుంది. లైన్ తెగితే మాత్రం వాళ్ళు తిరిగి చెయ్యలేరు.

మోటెళ్ళు, ఆఫీసులు నడుపుతున్న మనవాళ్ళకి ఒక మాట. మన టెక్సస్‌లోనే, మార్షల్ అనే ఊళ్ళో, 2013 డిసెంబరులో కారీ హంట్ అనే ఆవిణ్ణి మోటెల్ గదిలో భర్త హత్య చేశాడు. తొమ్మిదేళ్ళ కూతురు నాలుగుసార్లు 911 నొక్కింది. బయట లైనుకి ముందు 9 నొక్కాలని ఆ పసిదానికి తెలియదు. ఆవిడ పేరుతోనే 2018లో ఫెడరల్ చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత పెట్టిన ఫోన్ సిస్టముల్లో నేరుగా 911 పలకాలి. మీది అంతకన్నా పాతదైతే ఎలా ఉందో ఒకసారి సర్వీసు వాళ్ళని అడగండి.

మరుసటేడు అమ్మావాళ్ళు మళ్ళీ వచ్చారు. ఫ్రిజ్ మీద తెలుగు అక్షరాల్లోనే కాగితం అంటించాను: తెలుగు, కాపెల్, ఇంటి నంబరు, వీధి పేరు, హార్ట్. అమ్మ రోజూ కాఫీ కలుపుతూ పైకి చదువుకునేది. వీధి పేరు దగ్గర నాలుక తిరిగేది కాదు, అక్కడ మనవడు సరిచేసేవాడు. ఒకరోజు నాన్న సోఫాలోంచి "ఇంత చదివావు కదా, ఒకసారి నొక్కి చూడరాదూ?" అన్నారు.

"మీకు నొప్పొస్తే నొక్కుతాను, ఈసారి దీన్ని అడగను" అంది అమ్మ.