లాకుల్లో తాళం ఏది?

ఓఎస్ క్లాసులో లాక్ అంటే ఒక థ్రెడ్ పని అయ్యేదాకా మిగతావి ఆగాలి. ఇంట్లో లాక్ అంటే తాళం. మరి దుగ్గిరాల లాకుల్లో తాళం ఏది?

పాత ఇంగ్లిష్‌లో ఈ మాటకి గడియ అనీ, మూసి ఉంచిన చోటు అనీ అర్థాలు. కాలవలో రెండు తలుపులు, మధ్యలో తొట్టిలాంటి చోటు. పడవ లోపలికొచ్చాక వెనక తలుపు మూసి, నీటిమట్టం సరిచేసి, ముందుది తీస్తారు. రెండూ ఒకేసారి తీయకూడదు. ఇంకో పడవ వస్తే ఆగాల్సిందే, అచ్చం మన థ్రెడ్‌లాగే! (జుట్టుపాయని కూడా లాక్ అంటారు గానీ, అది వేరే మాట.)

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలవల్లో సాగునీటితో పాటు పడవలూ నడిచాయి. ఇప్పుడా పడవలు లేవు. ఆటో ఎక్కితే మాత్రం ఇంకా ‘లాకుల దగ్గర ఆపండి’ అనే అంటాం.