పదవికన్నా ముందు పని

అబిడ్స్‌లోని క్రైస్తవ పాఠశాలలకు పెద్ద చరిత్రే ఉంది. సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు 1834లో, స్టాన్లీ బాలికల పాఠశాల 1895లో ఆరంభమయ్యాయి. ఇలాంటి బడుల్లో చదివే మన పిల్లల్లో చాలామంది విద్యార్థి నాయకులు కావాలని ఆశపడతారు. ఆశ మంచిదే. కానీ నాయకుణ్ణి కావాలనుకోవడం కోరిక మాత్రమే. ఎవరికోసం, ఏ పని, ఎన్నాళ్లలో చేయాలో తేల్చుకుంటేనే అది లక్ష్యమవుతుంది.

నెహెమ్యా యెరూషలేము చేరగానే ప్రసంగాలు చేయలేదు. రాత్రివేళ వెళ్లి కూలిన ప్రాకారాన్ని కళ్లారా చూశాడు. తర్వాతే ప్రజలను పిలిచాడు. చాలామంది తమ ఇళ్లకెదురుగా ఉన్న గోడనే కట్టుకున్నారు. 52 రోజుల్లో పని పూర్తయింది.

యువజనుల మధ్య వైఎంసీఏ కార్యదర్శిగా పనిచేసిన తమిళుడు వి.ఎస్.అజరయ్య 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు సేవకు వచ్చారు. ఇక్కడి పేదలతో మాట్లాడేందుకు తెలుగు నేర్చుకున్నారు. బిషప్ పదవి 1912లో, ఆ తర్వాతే వచ్చింది.

తరగతిలో వెనుకబడిన ఒక్క స్నేహితుడికి పరీక్షల్లోగా లెక్కలు నేర్పాలన్నది చిన్న లక్ష్యమే. కానీ ఎన్నికలో ఓడినా అది ఆగదు. మన పిల్లలకు అలాంటి లక్ష్యాలను నేర్పుదాం. దేవుడు మెచ్చే నాయకత్వం అక్కడే మొదలవుతుంది.